పిల్ల తరఫు

రోజుకో గది ఉన్న మందుల డబ్బా బోర్లించగానే మాత్రలు బల్లంతా దొర్లాయి. ఒకటి అంచుదాకా పోయి కింద పడింది. దాన్ని తీయడానికి ఎవరూ వంగలేదు.

"మీరే చూడండి అన్నయ్యగారూ," అంది కోడలు. "నిన్నటి వరకూ గదులన్నీ ఖాళీ. ఇవాళ్టి నుంచి శనివారం దాకా వేయాల్సినవి ఇవిగో. ఒక్క పూట కూడా మానలేదని ఇంకెలా చెప్పాలి నేను?"

బావ గుమ్మంలోనే నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. పని మధ్యలోంచి లేచి వచ్చాడు కాబట్టి పనిముట్ల సంచి ఇంకా భుజానే ఉంది. చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోలేదు.

"గది ఖాళీ అయితే గొంతులోకి పోయినట్టేనా? నాకూ ఓ లిఫ్టు ఉంది, బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది. పైకి మాత్రం పోదు."

"అంటే మాత్రలు నేను పారబోశానంటారా?"

"నేనేం అన్లేదమ్మా. మా పిల్లని మీ ఇంటికి పంపించాం, తిండి సరిగ్గా పెడుతున్నారా లేదా అని అడుగుతున్నా. అంతే."

ఎప్పుడూ నవ్వు తెప్పించే మాట అది. ఈ పూట ఎవరూ నవ్వలేదు.

పిల్ల అంటే ఆడపిల్ల కాదు, కిడ్నీ. అక్క ఒంట్లోంచి తీసి తమ్ముడి ఒంట్లో పెట్టిన కిడ్నీ. ఆపరేషన్ అయిన రోజున అందరూ బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటే, బావే వాతావరణం తేలికపరచాలని, "ఏం చేస్తాం, పెంచిన పిల్లని ఏదో ఒక రోజు పంపక తప్పదుగా," అన్నాడు. ఆ మాట అలాగే స్థిరపడిపోయింది. అప్పట్నుంచీ బావమరిది కనబడినప్పుడల్లా, ఫోన్ చేసినప్పుడల్లా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "మా పిల్ల ఎలా ఉందిరా?" నిజానికి భార్య కిడ్నీ ఇవ్వడం ఆయనకి ఇష్టం లేదు. ఆ ఇష్టంలేనితనాన్ని వేళాకోళంలో ముంచి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఇవాళ పైకి తేలింది.

పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మామూలుగా చేయించే రక్తపరీక్షే. కిడ్నీ కడిగి పారెయ్యాల్సిన మురికి రక్తంలోనే మిగిలిపోతోందట. మందులన్నీ పట్టుకుని వెంటనే రమ్మన్నారు. చిన్నోడికి నాలుగు రోజులుగా మేజోళ్ళ గుర్తులు కాళ్ళ మీద అచ్చుల్లా పడుతుంటే, అది కొత్త మేజోళ్ళ బిగుతే అనుకున్నారు అందరూ. మనకి నచ్చని సంగతికి మనకి నచ్చే కారణం వెతుక్కోవడంలో ఆ ఇల్లు ఏ ఇంటికీ తీసిపోదు.

చిన్నోడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంట్లో అందరికంటే చిన్నవాడు కాబట్టి చిన్నోడు. ముప్ఫై దాటినా ఆ పేరు పోలేదు.

"నువ్వు చెప్పరా," అన్నాడు బావ. "మాత్రలు మింగుతున్నావా, మానేశావా?"

"డబ్బాలో ఉన్నవన్నీ మింగుతున్నా బావా."

"మరి పిల్ల ఎందుకు అలిగింది?"

చిన్నోడు తల వంచి కాళ్ళ వాపు చూసుకున్నాడు.

"ఉదయం ఆఫీసుకి పోయే తొందరలో ఎవరో ఒకరు మర్చిపోయే ఉంటారు," అన్నాడు బావ, కోడలివైపు చూడకుండా. చూడకుండా అన్న మాట ఇంకా గట్టిగా తగులుతుందని ఆయనకి తెలుసు.

కోడలిది, అంటే చిన్నోడి భార్యది, ఫోన్లలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత తిట్లు తిని, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం," అని చెప్పే మనిషి. అలాంటిది ఆమె కూడా గొంతు పెంచింది.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి. డబ్బా నింపేది మీరు. రోజూ రెండు పూటలా నీళ్ళ గ్లాసుతో దగ్గర నిలబడి వేయించేది నేను. ఎక్కడైనా తప్పిందా?"

అమ్మ వంటగట్టు తుడుస్తోంది. అరగంటగా అదే గట్టు, అదే గుడ్డ. "తప్పలేదు," అంది వెనక్కి తిరక్కుండా. "ఆ పిల్ల తప్పేం లేదు."

"ఏ పిల్ల?" అన్నాడు బావ.

"ఇక చాలు," అంది అక్క.

అప్పటిదాకా ఆమె నోరు మెదపలేదు. బట్టలు కుట్టే దుకాణంలోంచి అలాగే వచ్చేసింది. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. "ముందు బయల్దేరండి. తిట్టుకోవడానికి ఆసుపత్రిలో బోలెడు తీరిక దొరుకుతుంది. మాత్రలు డబ్బాలోకి ఎత్తండి."

"డబ్బా ఎందుకే?" అంది అమ్మ, ఈసారి వెనక్కి తిరిగి. "షీట్లు పట్టుకెళ్తే చాలదూ? అన్నీ వాటిమీదే రాసుంటాయిగా."

"అన్నీ తెమ్మన్నారత్తయ్యా," అంటూ కోడలు బల్ల మీదివన్నీ డబ్బాలోకి నెట్టింది.

కింద పడ్డ మాత్రని అక్క వంగి తీసింది. గుండీ అయినా గుండుసూది అయినా నేలమీద కనిపిస్తే తీసి దాచడం కుట్టుపని వాళ్ళకి అలవాటు. చూడకుండానే పర్సులో వేసుకుంది.

* * *

బావ వ్యానులో ఐదుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చిన్నోడు తన కుడిచెయ్యి తొడమీద పెట్టి దాని వంకే చూసుకున్నాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అది జబ్బు కాదు, మందుల చలవ. ఆ వణుకు వల్లే మాత్రల షీట్లు చింపలేక డబ్బా నింపే పని అమ్మకి వదిలేశాడు.

చిన్నోడు రక్తపరీక్షల సెంటర్లో రక్తం తీసేవాడు. వాడు సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడ్చేవారు కాదని సెంటర్ యజమానే చెప్పుకునేవాడు. ఆపరేషన్ తర్వాత అదే యజమాని వాడిని టోకెన్లు ఇచ్చే కుర్చీలో కూర్చోబెట్టాడు. "చెయ్యి వణుకు తగ్గుతుందిలే. కానీ రక్తంతో అంటుకునే కామెర్లకి టీకా వేయించుకో. అది నీ ఒంటికి పట్టిందని పరీక్షలో తేలాక సూది నీ చేతికిస్తా," అన్నాడు. అందులో అన్యాయమేం లేదు. చిక్కల్లా టీకాతోనే వచ్చింది. మొదటి విడత మొత్తం వేయించుకున్నా పట్టలేదు. ఈమధ్యే మళ్ళీ, ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టారు.

వ్యాను ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగింది. అమ్మ దిగడానికి చాలాసేపు పట్టింది. కీళ్ళవాతం ఆమెది. ఎప్పుడూ కోడలి భుజం పట్టుకుని దిగే మనిషి, ఇవాళ వ్యాను తలుపు పట్టుకుని దిగింది.

* * *

కిడ్నీ డాక్టరమ్మ చిన్నోడి కాలి మీద బొటనవేలితో నొక్కి, పడ్డ గుంటని చూసింది. మంచం చుట్టూ అందరూ నిలబడ్డారు.

"ఇదివరకే చెప్పాను, మళ్ళీ చెప్తాను. మీ అక్కగారి కిడ్నీ మీకెంత ఇష్టమైనా మీ ఒంటికి అది పరాయిదే. పరాయిది కనిపిస్తే తరిమెయ్యడానికి ఒంట్లో కాపలావాళ్ళుంటారు. వాళ్ళని ఈ మాత్రలతో నిద్రపుచ్చి ఉంచాం. ఇప్పుడు ఎందుకో మేలుకున్నట్టున్నారు."

"మందులు వేసుకుంటూనే ఉన్నారు మేడమ్," అంది కోడలు.

"అదే నాకు కచ్చితంగా తెలియాలి. సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తాం. ఎంత దెబ్బ తగిలిందో అది చెప్తుంది. ఎందుకు తగిలిందో చెప్పదు, అది మీరే చెప్పాలి." ఆమె అందరి మొహాలూ ఒకసారి చూసింది. "మాత్రలు అన్నీ సరిగ్గా వేసుకుంటూ ఇలా అయిందంటే ఈ మందు మీకు చాలట్లేదని అర్థం. అప్పుడు చాలా గట్టి మందు ఎక్కించాలి. అది కాపలావాళ్ళని నిద్రపుచ్చదు, ఊడ్చేస్తుంది. నెలల తరబడి చిన్న జలుబైనా ప్రమాదమే. టీకాల మాట ఇక మర్చిపోవాలి. అలా కాకుండా ఏదైనా మాత్ర మానేశారనుకోండి, దాన్ని మళ్ళీ మొదలుపెట్టి తేలిక దారిలో ముందు ప్రయత్నిస్తాం."

"తేలిక దారిలో పోయి, అది తప్పుదారయితే?" అన్నాడు బావ.

"కిడ్నీ పోవచ్చు. అందుకే అడుగుతున్నా. నేను ఎవరినీ తిట్టను. నాకు నిజం కావాలి, ముక్క తీసేలోపల కావాలి."

పక్క మంచం మీది ముసలాయన కూడా దగ్గు ఆపుకుని విన్నాడు.

"టీకా పట్టడానికీ, ఈ మాత్రలకీ ఏమైనా..." అని చిన్నోడు మొదలుపెట్టి ఆగిపోయాడు.

"సంబంధముంది. నిద్రపోయేవాళ్ళకి పాఠం చెప్తే ఎక్కుతుందా? టీకా అంటే కాపలావాళ్ళకి పాఠమే. మీకు కొంచెమే ఎక్కుతుంది, లేదా అసలు ఎక్కదు. అందుకేగా కిందటి చలికాలం ముందు ఇంట్లో అందరినీ ఫ్లూ జ్వరం టీకా వేయించుకోమన్నాను. మీకు పట్టకపోయినా వాళ్ళకి పడుతుంది." డాక్టరమ్మ మొదటిసారి కాస్త నవ్వింది. "మీ చుట్టూ ఉన్నవాళ్ళే మీ టీకా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. అక్క చూసింది. ఒక్క నిమిషం ఆగి వెనకే వెళ్ళింది.

* * *

వరండా చివర, నీళ్ళ యంత్రం పక్కన బెంచీ మీద కూర్చుంది అమ్మ. అక్క ఎదురుగా నిలబడి పర్సు తెరిచింది. తాళంచెవులూ దారపు ఉండా పక్కకి తోసి, గులాబీ రంగు మాత్ర తీసి అరచేతిలో పెట్టింది.

"ఇది ఎవరిదమ్మా?"

అమ్మ మాత్ర వంక చూసి, తర్వాత గోడ వంక చూసింది. "వాడిదే అయ్యుంటుంది."

"వాడి గులాబీ మాత్ర మీద అక్షరాలుంటాయి. దీనిమీద లేవు. ఇది నీకు నేను తెచ్చిచ్చిన బలం బిళ్ళ. సీసా మూత రాకపోతే నేనే పళ్ళతో లాగాను. నీ బిళ్ళ వాడి డబ్బాలోకి ఎలా వచ్చింది?"

నీళ్ళ యంత్రం గుర్రుమంది. ఎవరో వచ్చి గ్లాసు నింపుకుని వెళ్ళారు.

"రెండు వారాలకే అనుకున్నానే," అంది అమ్మ.

అక్క మాత్రని గుప్పిట్లో బిగించింది.

"టీకా వేయించుకొచ్చిన రోజు నుంచీ ఆ గులాబీది తీసేసి నాది పెడుతున్నా. మిగతావన్నీ వేస్తున్నా. ఒట్టు, అదొక్కటే."

"ఎవరు చెప్పారు నీకు అలా చెయ్యమని?"

"డాక్టరే చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"నా కీళ్ళ డాక్టరు. నువ్వు పక్కనే ఉన్నావు, మర్చిపోయావా? నేను జ్వరం టీకా వేయించుకున్నప్పుడు ఏమన్నాడు? వారానికోసారి వేసుకునే మాత్ర రెండు వారాలు ఆపమన్నాడు. ఆపితే టీకా బాగా పడుతుందన్నాడు. ఆపాను. ఏమైంది? కీళ్ళు కాస్త నొప్పెట్టాయి, అంతేగా. వాడిదీ నాదీ ఒకే రకం మందులని అన్నది కూడా ఆయనే."

"నీకు చెప్పాడమ్మా! నీ కీళ్ళకి చెప్పాడు!" అక్క గొంతు వరండా అంతా వినబడింది. తగ్గించుకుంది. "నీ ఒంట్లో కాపలా మేలుకుంటే మోకాళ్ళు వాస్తాయి. వాడి ఒంట్లో మేలుకుంటే..."

"ఆ రోజు ఫోన్ ఎత్తింది నేను," అంది అమ్మ. ఇప్పుడు ఆమె ఎవరికో కాదు, తనకే చెప్పుకుంటున్నట్టుంది. "టీకా పరీక్ష నెగటివ్ అండీ అన్నాడు సెంటర్ అబ్బాయి. నెగటివ్ అంటే మంచిదేగా? ఏ పరీక్షకైనా నెగటివ్ రావాలనేగా కోరుకుంటాం? పొంగిపోయాను. మేడ మీదవాళ్ళకి చెప్పా, ఎదురింటివాళ్ళకి చెప్పా, దారినపోయే కూరగాయలావిడకి కూడా చెప్పా. సాయంత్రం వాడు వచ్చాక ఎదురెళ్ళి, నెగటివ్ వచ్చిందిరా నాన్నా అన్నా. నవ్వాడు. 'అమ్మా, ఈ పరీక్షలో నెగటివ్ అంటే నా ఒంట్లో ఏమీ పుట్టలేదని. టీకా దండగైందని,' అన్నాడు. నవ్వుతూనే గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆ నవ్వు నువ్వు చూడలేదే."

అక్క మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంది.

"వాడి చెడ్డ కబురుకి నేను వీధంతా పండగ చేశాను. వాడికి మొహం చూపించలేకపోయాను. ఈసారైనా ఎలాగోలా పట్టాలి అనుకున్నా. వాడి పని వాడికి రావాలి, అంతే అనుకున్నా."

"అది నాదమ్మా."

అమ్మ తలెత్తింది.

"ఆ కిడ్నీ నాది. వాడికి కావాల్సొచ్చినప్పుడు నువ్వు నా దగ్గరకొచ్చి ఏడ్చావు. మీ అల్లుడు వద్దన్నాడు, అయినా సరే అన్నా. అప్పుడు అడిగావు కాబట్టి ఇచ్చాను. ఈసారి నన్ను అడగను కూడా అడగలేదు."

"నీది పోతుందని నాకు తోచలేదే. నేను టీకా గురించే ఆలోచించాను. నీది వాడిలో ఉందన్న సంగతే..."

"మర్చిపోయావు."

అమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. కాదనకపోవడం అక్క గుండెలో గుచ్చుకుంది. ఆపరేషన్ అప్పటి నొప్పి దీనిముందు ఏపాటిది అనిపించింది ఆమెకి. అమ్మని కుదిపెయ్యాలనిపించింది, అమ్మ ఒళ్ళో పడి ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. మాత్రని మళ్ళీ పర్సులో వేసుకుని జిప్ లాగింది.

"పద. డాక్టరమ్మకి చెప్పు. ఆ గట్టి మందు ఎక్కించకముందే చెప్పాలి."

"చెప్తాను. నేనే చెప్తాను. వాడి ముందు మాత్రం వద్దు. నీ మరదలి ముందు అసలే వద్దు. పొద్దున ఆ పిల్లని అన్ని మాటలంటుంటే నేను గట్టు తుడుస్తూ కూర్చున్నానే."

లేవబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. మళ్ళీ ప్రయత్నించింది. అక్క రెండోవైపుకి మొహం తిప్పుకునే చెయ్యి అందించింది.

* * *

వార్డు తలుపు దగ్గర డాక్టరమ్మే ఎదురైంది. అమ్మ నోరు తెరిచేలోపే ఆమె అంది, "ఇక కంగారు పడకండి. మీ అబ్బాయి చెప్పేశారు."

"ఏం చెప్పాడు?" అంది అక్క.

"టీకా పట్టడం కోసం గులాబీ మాత్ర ఒక్కటే మానేశారట, ఇంజెక్షన్ వేయించుకున్న రోజు నుంచీ. చెయ్యకూడని పని. కానీ చెప్పడం మంచిదైంది. ముక్క తీసి చూశాక తేలిక దారిలోనే మొదలుపెడతాం. నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను." ఆమె గబగబా వెళ్ళిపోయింది.

అమ్మ మొహంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. కొడుకు తనని కాపాడాడు. తల్లి పేరు బయటికి రాకుండా నిందంతా నెత్తిన వేసుకున్నాడు. కళ్ళు తుడుచుకుని గోడ పట్టుకుంది.

అక్క మాత్రం నిలబడిన చోటే నిలబడిపోయింది. గులాబీది ఒక్కటే. ఇంజెక్షన్ వేయించుకున్న రోజు నుంచీ. ఆ రెండు సంగతులూ అమ్మకీ తనకీ తప్ప ఇంకెవరికీ తెలిసే వీలు లేదు.

ఆమె మంచం దగ్గరికి వెళ్ళేసరికి చిన్నోడు ఒక్కడే ఉన్నాడు. బావ వార్డు అటు చివర కిటికీ దగ్గర, మాటలు వినబడనంత దూరంలో నిలబడ్డాడు. కోడలు నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది అక్క.

చిన్నోడు దేని గురించని అడగలేదు. "మొదటి రోజే."

"ఎలా?"

"అసలుది నాలిక మీద పెడితే జారిపోతుంది. ఇది గొంతులో అతుక్కుంది. ఉమ్మి చూశా. అక్షరాలు లేవు."

"ఉమ్మి, చూసి?"

"మళ్ళీ మింగా."

అక్క మంచం అంచు పట్టుకుంది. "అమ్మని అడగలేదేంరా?"

"అడిగితే మార్చడం మానేస్తుంది కదక్కా."

ఆ మాట అన్నాక వాడు ఇక ఆగలేదు. "రెండు వారాలేగా, ఏం కాదులే అనుకున్నా. టీకా పట్టగానే నేనే అమ్మకి చెప్పి సరిచేయిద్దామనుకున్నా. ఆ టోకెన్ల కుర్చీలో ఎలా కూర్చుంటున్నానో నీకు తెలీదు. నా కళ్ళముందే కొత్తవాడు జనం చేతులు కుళ్ళబొడుస్తుంటే, నంబర్లు పిలుస్తూ కూర్చోవాలి. నా అంతట నేను మాత్ర ఆపే ధైర్యం లేదు. అమ్మ ఆపింది. ఆపిన తప్పు నాది కాదుగా అనుకున్నా."

"పిల్ల నాదని గుర్తులేదా?"

"ఉంది," అన్నాడు చిన్నోడు. "రోజూ మింగేటప్పుడు గుర్తొచ్చేది."

అమ్మ మర్చిపోయింది. వీడికి గుర్తుండే చేశాడు. రెండింటిలో ఏది ఎక్కువ నొప్పో అక్కకి తేల్చుకోవడం చేతకాలేదు.

"పొద్దున మీ బావ నీ పెళ్ళాన్ని దొంగలా నిలబెట్టి అడుగుతుంటే, గోడకి ఆనుకుని విన్నావు. డబ్బాలో ఉన్నవన్నీ మింగుతున్నా అన్నావు. అబద్ధం కూడా కాకుండా చూసుకున్నావు."

వాడి చూపు అక్క భుజం మీదుగా వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

అక్క తిరిగి చూసింది. తెర పక్కన కోడలు నిలబడి ఉంది. చేతిలో నీళ్ళ సీసా నిండుగా ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఆమె మొహమే చెబుతోంది.

ఏడుస్తుందనుకున్నారు. అరుస్తుందనుకున్నారు. ఆమె సీసా తెచ్చి మంచం పక్క బల్ల మీద పెట్టింది. మూత వదులు చేసింది, వాడి చేతికి కష్టం కాకుండా. తర్వాత బయటికి నడిచింది.

* * *

చిన్నోడిని చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్ళారు. తలుపులు ఊగి మూసుకున్నాయి.

బయట బెంచీ మీద ఒక చివర అమ్మ, ఇంకో చివర కోడలు. మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ ఉన్నా అక్క నిలబడే ఉంది. బావకి ఆమె అంతా చెప్పేసింది. దాచే ఓపిక లేదు, ఎవరికోసం దాచాలో కూడా తెలియలేదు. ఆయన కేకలేస్తాడనుకుంది. వేయలేదు. గ్రీజు అంటిన గోళ్ళు చూసుకుంటూ విని, కోడలి దగ్గరికి వెళ్ళి, "పొద్దున నోరు జారానమ్మా," అన్నాడు. ఆమె తలూపింది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం," అని ఆఫీసులో అన్నప్పుడు కూడా ఆమె మొహం ఇంత ఖాళీగా ఉండదు.

తలుపు కొంచెం తెరుచుకుంది. ఆకుపచ్చ చొక్కా వార్డుబాయ్ తల బయటికి పెట్టాడు.

"పేషెంటు తరఫు ఎవరండీ? ముక్క తీయడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి."

ఎవరూ కదల్లేదు.

వార్డుబాయ్ నలుగురినీ చూశాడు. "మీరంతా ఒకటేనా? పేషెంటు తరఫు ఎవరు?"

బావ గొంతు సవరించుకున్నాడు. వెళ్ళి భార్య పక్కన నిలబడ్డాడు.

"మేం పిల్ల తరఫు," అన్నాడు.

ఇందులో వేళాకోళం లేదు. అక్క ఆయన్ని వారించలేదు.

"పిల్లేంటండీ, లోపలున్నది మగమనిషి కదా," అన్నాడు వార్డుబాయ్. "అది కాదు, పేషెంటు మనిషి కావాలి. త్వరగా రండి, లోపల ఆయన అడుగుతున్నాడు, మావాళ్ళు ఎవరొస్తున్నారని."

అమ్మ బెంచీ పట్టుకుని లేవబోయింది. సగం లేచింది కూడా.

కోడలు చెయ్యి చాపి అత్తగారి మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏం కాదు.

"మీరు కూర్చోండి అత్తయ్యా," అంది. "ఆయన్ని కాసేపు ఎదురుచూడనివ్వండి."

అమ్మ కూర్చుంది. కోడలు ఆ చెయ్యి వదల్లేదు. తను కూడా లేవలేదు.